చక్రాల సామ్రాజ్యం – 14: జనరల్ మోటార్స్ ఐపీ పెట్టిన వేసవి

గత భాగంలో క్రైస్లర్ అధిపతి లీ అయకోకా కథ చెప్పుకున్నాం. 1979లో మూతపడే స్థితికి వచ్చిన క్రైస్లర్ కోసం అమెరికా కాంగ్రెస్ 150 కోట్ల డాలర్ల అప్పుకు పూచీకత్తు ఇచ్చింది. 1980 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశారు. అయకోకా 1983లోనే, గడువుకు ఏడేళ్ల ముందే, ఆ అప్పు తీర్చి దేశమంతటికీ వీరుడయ్యారు. ఆ గెలుపు డెట్రాయిట్‌ను కొంత చెడగొట్టిందని నా అభిప్రాయం. ఎంత కష్టమొచ్చినా వాషింగ్టన్ తమను పడిపోనివ్వదన్న ధీమా అక్కడే పుట్టింది. తర్వాతి పాతికేళ్లలో పికప్ ట్రక్కులూ ఎస్‌యూవీలూ కురిపించిన లాభాలు చూసుకుని జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ చిన్నకారును పట్టించుకోవడం మానేశాయి. ఆ ఖాళీలోకి టయోటా, హోండా వచ్చి కూర్చున్నాయి. 2008 దగ్గర ఆగాం. అక్కడి నుంచి అందుకుందాం.

2008 సెప్టెంబరు 16న జనరల్ మోటార్స్‌కు నూరేళ్లు నిండాయి. 1908లో మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్‌లో విలియం డ్యూరాంట్ మొదలుపెట్టిన సంస్థ అది. డెట్రాయిట్ నది ఒడ్డున ఉన్న నాటి ప్రధాన కార్యాలయం రినైసాన్స్ సెంటర్‌లో వేడుక జరిగింది. ఛైర్మన్ రిక్ వాగనర్ బ్యాటరీతో నడిచే షెవర్లే వోల్ట్‌ను ఆవిష్కరించారు. ముందురోజే న్యూయార్క్‌లో పెట్టుబడి బ్యాంకు లీమన్ బ్రదర్స్ దివాలా తీసింది. వేడుక రోజునే బీమా దిగ్గజం ఏఐజీని బతికించడానికి ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్లు ఇస్తానంది. తొమ్మిది నెలలు తిరక్కుండానే జనరల్ మోటార్స్ (జీఎం) కూడా లీమన్ వెళ్లిన న్యూయార్క్ దివాలా కోర్టుకే వెళ్లింది.

అప్పు పుట్టని కాలం

కార్ల వ్యాపారం అప్పు మీద నడిచే వ్యాపారం. కొనేవాళ్లు వాయిదాల మీద కొంటారు. డీలరు తన షోరూమ్‌లో నిలబెట్టిన కార్లను కూడా అప్పు తెచ్చే నిలబెడతాడు. జీఎం కార్లకు ఈ అప్పులిచ్చే సంస్థ జీమ్యాక్. అది కారు రుణాలతో ఊరుకోకుండా ఇళ్ల రుణాల్లోకీ దిగింది, ఇళ్ల ధరల బుడగ పేలినప్పుడు అందులోనే ఇరుక్కుంది. 2008 అక్టోబరులో జీమ్యాక్ ఒక నిర్ణయం ప్రకటించింది: క్రెడిట్ స్కోరు 700 దాటినవారికే ఇక అప్పు. అంటే నిన్నటిదాకా జీఎం కారు కొనగలిగిన లక్షలాది మందికి ఒక్కసారిగా తలుపులు మూసేసినట్టే. షోరూమ్‌కి మనిషి వచ్చినా కారు కదలదు.

అదే ఏడాది జులైలో పీపా చమురు 147 డాలర్లకు ఎగబాకింది. గ్యాలన్ పెట్రోలు 4 డాలర్లు దాటింది. లాభాలు తెచ్చే ఎస్‌యూవీలు యార్డుల్లో ఉండిపోయాయి. 2007లో అమెరికాలో కోటీ 61 లక్షల వాహనాలు అమ్ముడైతే, 2009కి ఆ సంఖ్య కోటీ 4 లక్షలకు పడిపోయింది. ఇంత పెద్ద పరిశ్రమలో మూడోవంతు గిరాకీ రెండేళ్లలో పోతే ఎంత బాగా నడిచే కంపెనీ అయినా తల్లడిల్లుతుంది. జీఎం అప్పటికే బాగా నడిచే కంపెనీ కాదు. 2008 ఒక్క ఏడాదిలో 3,090 కోట్ల డాలర్లు నష్టపోయింది. 77 ఏళ్లుగా అనుభవించిన ప్రపంచ ప్రథమ స్థానాన్ని కూడా అదే ఏడాది టయోటాకు వదులుకుంది.

జీఎం మీద మరో పాత బరువు ఉంది. 1950లో జీఎంకూ, వాల్టర్ రాయ్‌థర్ నాయకత్వంలోని ఆటో కార్మిక సంఘం యూఏడబ్ల్యూకూ ఒక ఒప్పందం కుదిరింది. దాన్ని డెట్రాయిట్ సంధి అన్నారు. సమ్మెలు లేకుండా పని జరిగితే పింఛను, వైద్య ఖర్చులు కంపెనీ భరిస్తుంది. ఐరోపా దేశాల్లో ప్రభుత్వాలు మోసిన బాధ్యతను అమెరికాలో కంపెనీలు నెత్తికెత్తుకున్నాయి. కొత్త రక్తం వస్తూ ఉన్నంతకాలం లెక్క సరిపోయింది. 2008 నాటికి పనిచేస్తున్న ఒక్కో కార్మికుడికి నలుగురికి మించి పింఛనుదారులు లెక్కతేలారు. ఒక్కో కారు ధరలో సుమారు 1,500 డాలర్లు వైద్య ఖర్చులకే పోయేవి. టెన్నెసీలోనో అలబామాలోనో కొత్తగా ఫ్యాక్టరీ పెట్టిన జపాన్ కంపెనీకి ఈ బరువు లేదు. దాని కార్మికులంతా వయసులో ఉన్నవాళ్లే.

మూడు విమానాలు

నవంబరు 18న సెనేట్ కమిటీ, మర్నాడు ప్రతినిధుల సభ కమిటీ డెట్రాయిట్ పెద్దల్ని విచారణకు పిలిచాయి. జీఎం నుంచి వాగనర్, ఫోర్డ్ నుంచి అలన్ ములాలీ, క్రైస్లర్ నుంచి రాబర్ట్ నార్డెల్లీ వచ్చారు. మూడు కంపెనీలకూ కలిపి 2,500 కోట్ల డాలర్లు కావాలన్నారు. ముగ్గురూ ఒకే ఊరి నుంచి ఒకే పని మీద మూడు వేర్వేరు సొంత విమానాల్లో వచ్చారన్న సంగతి అప్పటికే పొక్కింది. మామూలు విమానంలో వచ్చినవాళ్లు చెయ్యెత్తండని కాలిఫోర్నియా సభ్యుడు బ్రాడ్ షెర్మన్ అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ దృశ్యం రాత్రికల్లా దేశమంతా చూసింది. డిసెంబరులో రెండో విచారణకు ముగ్గురూ తమ కంపెనీల హైబ్రిడ్ కార్లలో డెట్రాయిట్ నుంచి వచ్చారు. అడిగిన మొత్తం మాత్రం 3,400 కోట్లకు పెరిగింది.

విమానాల సంగతి అందరికీ గుర్తుండిపోయింది. కానీ అంతకంటే గుర్తుపెట్టుకోవలసిన విషయం మరొకటి ఉంది. అంతకు నెల రోజుల ముందు, అక్టోబరు 13న, ఆర్థికమంత్రి హెన్రీ పాల్సన్ తొమ్మిది పెద్ద బ్యాంకుల అధిపతుల్ని పిలిచి ఒకే మధ్యాహ్నం వాళ్ల చేత కాగితాల మీద సంతకాలు చేయించారు. ఆ బ్యాంకులకు 12,500 కోట్ల డాలర్లు వెళ్లాయి. ఆ రోజు ఎవరూ వాళ్లను ఏ విమానంలో వచ్చారని అడగలేదు. ఇనుమూ రబ్బరూ కలిపి వస్తువు తయారుచేసేవాళ్లు మాత్రం బహిరంగ విచారణలో నిలబడి, ఖర్చు తగ్గింపు ప్రణాళికలు రాసి తెచ్చి, మళ్లీ వచ్చి అడగాలి.

ఆ రోజుల్లో ఫోర్డ్ కథ వేరు. బోయింగ్ నుంచి వచ్చిన ములాలీ 2006 చివర్లోనే కంపెనీ ఆస్తుల్ని, ఫ్యాక్టరీల నుంచి ఆ నీలం రంగు ఫోర్డ్ ముద్ర దాకా, తాకట్టు పెట్టి 2,360 కోట్ల డాలర్ల అప్పు సమకూర్చుకున్నారు. జాగ్వార్, లాండ్ రోవర్లను 2008 జూన్‌లో మన టాటాలకు 230 కోట్ల డాలర్లకు అమ్మేశారు. అందుకే చివరికి ఫోర్డ్ ప్రభుత్వ బెయిలవుట్ డబ్బు ముట్టుకోలేదు. అయినా ములాలీ పోటీదారులకు సాయం చేయమని వాదించారు. కారణం ఉంది. సీట్లు, బ్రేకులు, వైర్లు తయారుచేసే సరఫరాదారులు మూడు కంపెనీలకూ ఉమ్మడి. జీఎం పడితే వాళ్లు పడతారు, వాళ్లు పడితే ఫోర్డ్ లైను ఆగుతుంది, అమెరికాలోని టయోటా, హోండా లైన్లు కూడా ఆగుతాయి. డెట్రాయిట్ మొత్తం కూలితే దాదాపు 30 లక్షల ఉద్యోగాలు పోతాయని ఆన్ ఆర్బర్‌లోని సెంటర్ ఫర్ ఆటోమోటివ్ రీసెర్చ్ అంచనా వేసింది.

ఉత్తరం, దక్షిణం

డిసెంబరు 10న ప్రతినిధుల సభ 1,400 కోట్ల డాలర్ల బిల్లును 237–170 ఓట్లతో నెగ్గించింది. మర్నాడు రాత్రి సెనేట్‌లో అది చచ్చిపోయింది. అడ్డుపడిన వారిలో ఇద్దరి పేర్లు గుర్తుంచుకోవాలి: అలబామాకు చెందిన రిచర్డ్ షెల్బీ, టెన్నెసీకి చెందిన బాబ్ కార్కర్. అలబామాలో మెర్సిడెస్, హోండా, హ్యుందాయ్ ఫ్యాక్టరీలున్నాయి. టెన్నెసీలో నిస్సాన్ ఉంది. కార్కర్ ఒకప్పుడు మేయర్‌గా చేసిన చాటనూగాకు ఫోక్స్‌వాగన్ వస్తానని ఆ జులైలోనే ప్రకటించింది. ఈ విదేశీ ఫ్యాక్టరీల్లో అప్పట్లో కార్మిక సంఘం లేదు. రాష్ట్రాలు వాటికి భూములూ పన్ను రాయితీలూ కుమ్మరించి తెచ్చుకున్నాయి. సొంత రాష్ట్రం ఖజానా నుంచి విదేశీ కంపెనీకి ఇస్తే పెట్టుబడి, స్వదేశీ కంపెనీకి కేంద్రం అప్పిస్తే దుబారా అన్న వాదన నాకు ఎన్నడూ మింగుడుపడలేదు.

ఆ రాత్రి చర్చలు జీతాల మీద తెగిపోయాయి. విదేశీ కంపెనీల ఫ్యాక్టరీల్లో ఇచ్చే కూలికి సమానంగా డెట్రాయిట్ కూలి 2009లోనే దిగాలని కార్కర్ పట్టుబట్టారు. 2011 దాకా గడువు కావాలని యూఏడబ్ల్యూ అధ్యక్షుడు రాన్ గెటెల్‌ఫింగర్ అన్నారు. తేదీ దగ్గర తేడా వచ్చింది. బిల్లు ముందుకు సాగాలంటే 60 ఓట్లు కావాలి, 52 వచ్చాయి. ఆ వారాల్లో టీవీల్లో ఒక మాట తెగ తిరిగింది: డెట్రాయిట్ కార్మికుడికి గంటకు 70 డాలర్లట! నిజానికి పాతకాపు కార్మికుడి చేతికొచ్చేది 28 డాలర్ల ప్రాంతం. మిగిలినది, అతని సొంత భత్యాలకు తోడు, లక్షలాది మంది విశ్రాంత కార్మికుల పింఛను, వైద్య ఖర్చుల్ని కూడా తెచ్చి పనిలో ఉన్న ఉద్యోగుల గంటల మీద పంచిన లెక్క. 2007 ఒప్పందం ప్రకారం కొత్తగా చేరేవాళ్లకు 14 డాలర్లే అని అప్పటికే రాసేసుకున్నారు. ఆ సంగతి చెప్పినవాళ్లు తక్కువ.

డిసెంబరు 19న, దిగిపోవడానికి నెలరోజుల ముందు, అధ్యక్షుడు జార్జి బుష్ బ్యాంకుల కోసం కేటాయించిన 70,000 కోట్ల డాలర్ల నిధి నుంచే 1,740 కోట్లు తీసి జీఎంకు, క్రైస్లర్‌కు ఇస్తున్నట్టు ప్రకటించారు. స్వేచ్ఛా మార్కెట్ సూత్రాలను జీవితమంతా నమ్మిన మనిషి ఆయన. గట్టెక్కించే పని తర్వాత వచ్చేవారికి వదిలేసి, తన చేతుల మీదుగా మాత్రం ఆ పరిశ్రమ చావకూడదనుకున్నారు. ఆ రోజు నుంచే క్రైస్లర్ తన ముప్పై ఫ్యాక్టరీలకూ నెలరోజుల పాటు తాళం వేసింది.

జేన్స్‌విల్

విస్కాన్సిన్ రాష్ట్రంలో జేన్స్‌విల్ అని ఒక పట్టణం. మన తాతల తరం జేబుల్లో మెరిసిన పార్కర్ పెన్నుకు పుట్టిల్లు అదే. అక్కడి జీఎం ఫ్యాక్టరీ 1919లో ట్రాక్టర్లతో మొదలై 1923లో షెవర్లే కార్లకు మారింది. 2008 నాటికి జీఎం నడుపుతున్న ఫ్యాక్టరీల్లో అదే అన్నింటికంటే పాతది. తాతా, తండ్రీ, కొడుకూ ఒకే గేటు లోపలికి వెళ్లిన ఇళ్లు ఆ ఊళ్లో కొల్లలు. 2008 ఫిబ్రవరిలో అభ్యర్థిగా వచ్చిన బరాక్ ఒబామా, ప్రభుత్వం తోడుంటే ఈ ఫ్యాక్టరీ మరో వందేళ్లు ఉంటుందని ఇక్కడే అన్నారు.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, డిసెంబరు 23 ఉదయం ఏడు గంటలకు, చివరి ఎస్‌యూవీ లైను దిగింది. నల్లటి షెవర్లే టాహో. అదే రోజు ఒహైయోలోని మొరెయిన్ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. జేన్స్‌విల్‌లో ఆ ఉదయం దాకా మిగిలిన 1,200 మందితోనే కథ ముగియలేదు. జీఎంకు సీట్లు చేసే లియర్ కంపెనీ ఫ్యాక్టరీ కూడా పక్కనే మూతపడింది. ఆ తర్వాత ట్రక్కు డ్రైవర్లు, టిఫిన్ దుకాణాలు, పిల్లల్ని చూసుకునే కేంద్రాలు.

మిగిలిన దారులు రెండే. ఒకటి, బదిలీ తీసుకోవడం. ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌కు వెళితే పాత జీతం దొరుకుతుంది. కానీ అది నాలుగున్నర గంటల ప్రయాణం. ఇల్లు అమ్ముదామంటే కొనే నాథుడు లేడు, పిల్లల బడి ఇక్కడే. అందుకని సోమవారం వెళ్లి, అక్కడ నలుగురైదుగురు కలిసి గది తీసుకుని, శుక్రవారం రాత్రి ఇల్లు చేరే బతుకులు మొదలయ్యాయి. దుబాయికో మస్కట్‌కో వెళ్లి ఇంటికి డబ్బు పంపే తండ్రుల్ని చూసిన మన జగిత్యాల, సిరిసిల్ల, కడప ఇళ్లకు ఈ ఎడబాటు విడమరచి చెప్పక్కర్లేదు. రెండో దారి, నలభై దాటాక మళ్లీ చదువు. బ్లాక్‌హాక్ టెక్నికల్ కాలేజీలో వందలమంది చేరారు. వారిలో కొందరికి కంప్యూటరు తెరవడం దగ్గర నుంచి నేర్పాల్సి వచ్చింది. పట్టా చేతికొచ్చినా పాత జీతంలో సగం ఇచ్చే కొలువు దొరకడం కూడా కష్టమైంది.

ముప్పై రోజులు, అరవై రోజులు

ఒబామా గద్దెనెక్కాక ఆటో రంగానికి ఒక ప్రత్యేక బృందాన్ని వేశారు. పైన ఆర్థికమంత్రి టిమోతీ గైట్నర్, సలహాదారు లారీ సమ్మర్స్. పని నడిపినవారు వాల్‌స్ట్రీట్ నుంచి వచ్చిన స్టీవెన్ రాట్నర్, ఉక్కు కార్మిక సంఘానికి సలహాదారుగా పనిచేసిన రాన్ బ్లూమ్. క్రైస్లర్‌ను బతికించాలా వద్దా అన్న ప్రశ్న దగ్గర ఆ బృందమే రెండుగా చీలింది. అది పోతే కొనేవాళ్లు జీఎంకో ఫోర్డ్‌కో వెళతారు, మిగిలిన రెండూ బలపడతాయని ఆర్థికవేత్త ఆస్టన్ గూల్స్‌బీ వాదించారు. లెక్కగా చూస్తే అందులో తప్పు పట్టడం కష్టం. కానీ మిషిగన్‌లో నిరుద్యోగం 15 శాతం వైపు పోతున్న రోజులవి. ఒబామా బతికించే వైపే మొగ్గారు.

2009 మార్చి 27న రాట్నర్ వాగనర్‌ను పిలిచి తప్పుకోమన్నారు. 1977 నుంచి జీఎంలోనే పనిచేసిన మనిషి ఆయన. మార్చి 30న ఒబామా గడువులు ప్రకటించారు: ఫియట్‌తో పొత్తు కుదుర్చుకోవడానికి క్రైస్లర్‌కు 30 రోజులు, కొత్త ప్రణాళికకు జీఎంకు 60 రోజులు. ఈలోగా ఈ రెండు కంపెనీల కార్లకు వారంటీ ప్రభుత్వానిదే అన్నారు. దివాలా కంపెనీ కారు ఎవరు కొంటారన్న భయానికి అదే మందు.

అదే నెలలో ఏఐజీ సంగతి బయటపడింది. ప్రజల సొమ్ముతో బతికిన ఆ సంస్థ, తనను ముంచిన విభాగంలోని ఉద్యోగులకు 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు ఇచ్చింది. అవి ముందే రాసుకున్న ఒప్పందాలు, వాటిని తెంచడం ప్రభుత్వానికి వీలుకాదు అన్నారు. యూఏడబ్ల్యూ ఒప్పందాలు కూడా ముందే రాసుకున్నవి. వాటిని మాత్రం తిరగరాశారు. ధరలతో పాటు పెరిగే భత్యం పోయింది, 2015 దాకా సమ్మె హక్కు వదులుకున్నారు, విశ్రాంత కార్మికుల వైద్య నిధికి రావలసిన నగదులో సగం కంపెనీ షేర్ల రూపంలో తీసుకున్నారు. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ తేడాయే.

ఏప్రిల్ 30న క్రైస్లర్ దివాలా పిటిషను వేసింది. 690 కోట్ల డాలర్ల తాకట్టు అప్పు ఇచ్చినవారికి 200 కోట్లే ఇస్తామంటే పెద్ద బ్యాంకులు ఒప్పుకున్నాయి. ఇండియానా రాష్ట్ర టీచర్లు, పోలీసుల పింఛను నిధులు మాత్రం ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. జూన్ 8న జస్టిస్ గిన్స్‌బర్గ్ అమ్మకాన్ని ఆపారు. మర్నాడే కోర్టు ఆ అడ్డు తీసేసింది. సెర్జియో మార్కియోనే నడిపే ఫియట్ ఒక్క డాలరు నగదు పెట్టకుండా 20 శాతం వాటాతో క్రైస్లర్ పగ్గాలు అందుకుంది.

జూన్ 1, సోమవారం ఉదయం జీఎం వంతు. ఆస్తులు 8,230 కోట్ల డాలర్లు, అప్పులు 17,280 కోట్లు. అమెరికా తయారీ రంగంలో అంత పెద్ద దివాలా అంతకుముందు లేదు. ప్రభుత్వం ఎంచుకున్న దారి ఇది: కూలుతున్న ఇంట్లోంచి పనికొచ్చే సామానంతా కొత్తింటికి మార్చి, పాతింటిని అప్పులవాళ్లకు వదిలేయడం. షెవర్లే, క్యాడిలాక్, బ్యూక్, జీఎంసీ కొత్త కంపెనీకి వెళ్లాయి. మూతపడిన ఫ్యాక్టరీలూ పాత అప్పులూ పాత కంపెనీలో మిగిలాయి. పాత వాటాదారులకు దక్కింది సున్నా. 1926 నాటి పాంటియాక్ పేరు ఆగిపోయింది, శాటర్న్ కూడా. జులై 10న, నలభై రోజులకు, కొత్త జీఎం బయటికొచ్చింది. అందులో 60.8 శాతం అమెరికా ప్రభుత్వానిది, 11.7 శాతం కెనడా, ఒంటారియో ప్రభుత్వాలది, 17.5 శాతం కార్మికుల వైద్య నిధిది.

దివాలా చట్టం తన దారిన తాను ఈ పని చేసేదని, ప్రభుత్వం వేలు పెట్టక్కర్లేదని రిపబ్లికన్ నేత మిట్ రామ్నీ వంటివారు వాదించారు. మామూలు కాలంలో అది నిజమే. కానీ దివాలాలో ఉన్న కంపెనీ కూడా రోజూ జీతాలివ్వాలి, ఉక్కు కొనాలి. అందుకు కావలసిన వేల కోట్లు ఇచ్చే బ్యాంకు 2009 వసంతంలో భూమ్మీద లేదు. ప్రభుత్వ డబ్బు లేకపోతే మిగిలేది వేలంపాటే.

నోటీసు అందినవాళ్లు

మే 14న క్రైస్లర్ 789 మంది డీలర్లకు ఉత్తరాలు పంపింది. జూన్ 9కల్లా బోర్డు దించేయాలి. యార్డులోని కార్లు ఏ ధరకైనా సరే వదిలించుకోవడం వాళ్ల తలనొప్పి. మర్నాడు జీఎం సుమారు 1,100 మందికి కబురు చేసింది. చిన్న ఊళ్లలో రెండు మూడు తరాలుగా నడుస్తున్న కుటుంబ వ్యాపారాలవి. ఇంత హడావిడిగా మూయించాల్సిన అవసరం సరిగా చూపించలేదని బెయిలవుట్ నిధుల పర్యవేక్షకుడు నీల్ బరోఫ్‌స్కీ కార్యాలయమే 2010లో తప్పుపట్టింది. ఒకప్పుడు జీఎంలో భాగమైన డెల్ఫీ కంపెనీలో సంఘం ఉన్న కార్మికుల పింఛను లోటును జీఎం పూడ్చింది. సంఘం లేని దాదాపు 20 వేల మంది ఆఫీసు ఉద్యోగుల పింఛను తెగ్గోసుకుపోయింది.

డెట్రాయిట్ శివార్లలోని ట్రాయ్, నోవీ, ఫార్మింగ్‌టన్ హిల్స్‌లో అప్పటికే తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉండేవి. ఇంజిన్ డిజైనులో, సాఫ్ట్‌వేరులో, విడిభాగాల కంపెనీల్లో పనిచేసేవాళ్లు. ఎక్కువమందివి కాంట్రాక్టు ఉద్యోగాలు. కోత మొదట పడింది వాళ్ల మీదే. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోయాక దేశంలో ఉండటానికి ఇప్పుడున్న 60 రోజుల వెసులుబాటు అప్పట్లో లేదు, అది 2017లో వచ్చింది. పైగా 2009 ఫిబ్రవరి చట్టం బెయిలవుట్ సొమ్ము తీసుకున్న కంపెనీలు హెచ్1బీ మీద కొత్తవారిని తీసుకోవడాన్ని రెండేళ్లపాటు కఠినం చేసింది. ఇల్లు కొన్నవాళ్లు అప్పుకంటే తక్కువ ధరకు అమ్మలేక, ఉంచుకోలేక నలిగిపోయారు.

ఆ వేసవిలో జీఎం తన 13 అసెంబ్లీ ఫ్యాక్టరీలను తొమ్మిది వారాల దాకా ఆపింది. గిరాకీ లేపడానికి ప్రభుత్వం జులైలో మరో పథకం పెట్టింది: పెట్రోలు ఎక్కువ తాగే పాత బండి ఇచ్చేసి కొత్తది కొంటే 3,500 నుంచి 4,500 డాలర్ల సాయం. మొదటి 100 కోట్లు వారంలోనే అయిపోతే ఇంకో 200 కోట్లు ఇచ్చారు. జనం ఎక్కువగా వదిలేసింది ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్, ఎక్కువగా కొన్నది టయోటా కరోలా.

2010 నవంబరు 18న, సెనేట్ ముందు చేయి చాచిన రోజుకు సరిగ్గా రెండేళ్లకు, కొత్త జీఎం షేరు 33 డాలర్లకు మార్కెట్లోకి వచ్చింది. 2011లో క్రైస్లర్ అప్పు తీర్చింది. 2013 డిసెంబరులో ప్రభుత్వం జీఎంలో తన చివరి షేర్లు అమ్మేసింది. ఆటో రంగంలో పెట్టిన సుమారు 8,000 కోట్ల డాలర్లలో 900 కోట్ల పైచిలుకు తిరిగి రాలేదు. లక్షల ఉద్యోగాలు నిలబెట్టినందుకు ఆ ధర ఎక్కువని నేననుకోను. జేన్స్‌విల్ మాత్రం ఆ నిలబడిన వాటిలో లేదు. 2009 జూన్‌లో జీఎం కొత్త చిన్నకారు కోసం మూడు మూతపడే ఫ్యాక్టరీల మధ్య పోటీ పెట్టింది. గెలిచింది మిషిగన్‌లోని ఓరియన్.

జీఎం తేరుకున్నాక దాని ఇల్లయిన డెట్రాయిట్ కూడా తేరుకుంటుందని అందరూ అనుకున్నారు. 2013 జులై 18న ఆ నగరమే సుమారు 1,800 కోట్ల డాలర్ల బాకీలతో దివాలా పిటిషను వేసింది. కంపెనీని ఆదుకున్న వాషింగ్టన్, ఆ నగరానికి మాత్రం అలాంటి బెయిలవుట్ ఇవ్వలేదు. ఫైరింజన్ సిబ్బంది పింఛను కోయాలా, డెట్రాయిట్ మ్యూజియంలోని వ్యాన్ గో చిత్రాలు అమ్మాలా అన్న గొడవ ఎలా మొదలైంది, హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ డబ్బుతో డియేగో రివేరా గీసిన కార్మికుల కుడ్యచిత్రాలున్న ఆ మ్యూజియాన్ని ఎవరు ఎలా కాపాడారు అన్నది వచ్చే భాగంలో చూద్దాం.